తెలుగు వికీపీడియా పునరుజ్జీవనం: లిప్యంతరీకరణ ఉపకరణాల పాత్ర

వెన్న నాగార్జున 2003 డిసెంబరులో ప్రారంభించిన తెలుగు వికీపీడియా తొలినాళ్లలో దాదాపు స్తబ్ధంగా ఉండిపోయింది. 2005 నుంచి స్వచ్ఛంద సభ్యుల చేరికతో దానికి చలనం వచ్చింది. అయితే సభ్యుల ఉత్సాహం ఒక్కటే ఈ మార్పుకు కారణం కాదు. కంప్యూటరులో తెలుగు టైపు చేయడమే ఆనాటి ప్రధాన అవరోధం. నాగార్జున రూపొందించిన ‘పద్మ’ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు కావడం వల్లనే దాని ఆధారంగా వీవెన్ 2006లో ‘లేఖిని’ని నిర్మించగలిగారు. రోమను అక్షరాలను తెలుగు లిపిలోకి మార్చే ఈ సౌకర్యం పాఠకులను రచయితలుగా మార్చింది. శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని భావనపాడు వంటి తీరగ్రామాల చరిత్రను ఆ ఊరివారే తెలుగులో నమోదు చేయగల అవకాశం అలా ఏర్పడింది. కనుక తెవికీ చరిత్రను వ్యాసాల సంఖ్యతోనే కాక, ఒకరి కోడును మరొకరు అందుకొని కొనసాగించిన పరంపరగానూ అధ్యయనం చేయవలసి ఉంది.