బల్దియా లెక్క: చీపురుకు హాజరు, కుర్చీకి ఏది?

పనితీరు, జవాబుదారీతనం అనే మాటలు మునిసిపల్ ఆఫీసుల్లో బాగా వినబడుతున్నాయి. ఎవరి పనిని కొలుస్తున్నరు, ఎవరు జవాబు చెప్తున్నరు అని మాత్రం అడిగేవాళ్లు తక్కువ. అమీర్‌పేట, పంజాగుట్ట రోడ్లను పొద్దుగాల ఊడ్చేవాళ్లలో అత్యధికులు దళిత స్త్రీలే. కనుక ఈ ప్రశ్న మనదే అని మేము భావిస్తున్నాం.

హైదరాబాద్ మునిసిపాలిటీ 1869లో, సాలార్‌జంగ్ దివానుగా ఉన్న కాలంలో ఏర్పడింది. 1933లో చాదర్‌ఘాట్‌ను కలిపి కార్పొరేషన్ చేశారు. జనం దాన్ని బల్దియా అన్నరు. 1955 చట్టం పాలకవర్గానికి చర్చను, కమిషనర్‌కు కార్యనిర్వహణను అప్పజెప్పింది. అంటే మనం ఓటేసేది ఒకరికి, పని చేయించేది ఇంకొకరు. జవాబుదారీతనానికి మొదటి గండి ఇక్కడే పడింది.

రెండో గండి ఇంకా పెద్దది. 1986లో ఎన్నికైన పాలకవర్గం గడువు 1991లో ముగిస్తే, మళ్లీ ఎన్నికలు 2002లోనే జరిగాయి. 1993లో అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ గడువు ముగిసేలోపే ఎన్నికలు జరపాలన్నది, దళితులకు వార్డుల్లో రిజర్వేషన్ ఇచ్చింది. నగరంలో ఆ హక్కు ఏళ్ల తరబడి కాగితం మీదే ఉండిపోయింది. సరిగ్గా ఆ దశాబ్దంలోనే రోడ్లు ఊడ్చే పని ప్రైవేటు కాంట్రాక్టర్ల చేతికి పోయింది. పర్మనెంటు నౌకరీ కాస్తా కాంట్రాక్టు కూలీ అయితుంటే సభలో నిలదీయడానికి ఒక్క కార్పొరేటర్ కూడా లేడు. ఇది యాదృచ్ఛికమా?

కొలతలు మాత్రం ఆగలేదు. వీధుల్ని యూనిట్లుగా విడగొట్టి మనుషుల్ని లెక్కగట్టిన్రు. 2000ల మధ్యలో చెత్తకుండీల ఫోటోలు సెల్‌ఫోన్‌లో పంపే పద్ధతి వచ్చింది. 2017లో సఫాయి కార్మికులకు వేలిముద్ర హాజరు, ఆ తర్వాత ముఖం గుర్తుపట్టే హాజరు వచ్చాయి. దొంగ హాజర్లు ఆగాలనడంలో న్యాయం ఉంది, ఆ డబ్బు కార్మికులదే గనుక. కానీ ఈ సాధనాలన్నీ పై నుంచి కిందికే చూస్తాయి. కింది నుంచి పైకి చూసే యంత్రం ఇంతవరకు రాలేదు.

పంజాగుట్ట చౌరస్తా దీనికి సాక్ష్యం. 2019 ఏప్రిల్‌లో అక్కడ కార్యకర్తలు నిలబెట్టిన అంబేద్కర్ విగ్రహాన్ని, అనుమతి లేదంటూ, జయంతికి ఒక్కరోజు ముందు తెల్లవారుజామున తీసేశారు. అది చెత్తబండిలో, విరిగిపోయి కనబడింది. ఆందోళన లేచినంక చర్య ఎవరి మీద పడింది? చెత్త యార్డు చూసే కిందిస్థాయి ఉద్యోగి మీద. తీసెయ్యమన్న ఆర్డరు ఏ బల్ల మీద పుట్టిందో ఆ బల్ల దాకా లెక్క పోలేదు. అదే చౌరస్తాలో 2023 ఏప్రిల్ 14న ప్రభుత్వమే విగ్రహాన్ని ఆవిష్కరించింది. విగ్రహం తిరిగొచ్చింది గానీ జవాబు రాలేదు.

కాబట్టి కొలబద్దను మనమే తయారు చేసుకోవాలె. మీ వార్డులో కాంట్రాక్టర్‌కు నెలకెంత ఇచ్చారు, కార్మికురాలి చేతికెంత వచ్చింది, పీఎఫ్, ఈఎస్‌ఐ జమయినాయా, గ్లౌజులు, బూట్లు ఎప్పుడిచ్చారు, బిల్లు మీద సంతకం ఎవరిది? 2005 సమాచార హక్కు చట్టం కింద ఈ ఐదు ప్రశ్నలు వెయ్యడానికి తెల్లకాగితం చాలు. చీపురు పట్టిన చేతికి హాజరు ఉన్నప్పుడు, సంతకం పెట్టిన చేతికీ ఉండాల్సిందే.