ముల్కీ బిడ్డలం

గద్వాల, వనపర్తి సంస్థానాల్లో, నాగర్‌కర్నూల్‌లో పుట్టిన మా తాతలు నిజాం ఏలుబడిలో ముల్కీలు. 1919 ఫర్మానా బయటినుంచి వచ్చినవాళ్ల బిడ్డల్నీ కలుపుకుంది: సర్కారీ నౌకరీలో 15 ఏళ్లు నిండిన తండ్రికి పుడితే ముల్కీయే. నౌకరీ లేనివాడు మాత్రం 15 ఏళ్లు ఇక్కడే ఉండి, వెనక్కి పోయే ఆలోచన వదులుకోవాలి. అఫ్సరుకో తీరు, కూలివానికో తీరు!

1955 పౌరసత్వ చట్టం ఆ తేడా చూడలేదు. ఈ గడ్డమీద పుడితే చాలంది. 1987 జులై నుంచి పుట్టేవాళ్లకు తల్లిదండ్రుల్లో ఒకరైనా పౌరులై ఉండాలన్నారు. 2003 సవరణ, రెండోవారు అక్రమ వలసదారు కారాదంది. బిడ్డ పుట్టుక అమ్మానాన్నల కాగితాల్లోకి పోయింది.

పాలమూరు కూలీలు డ్యాముల కాడ, రోడ్ల పనుల కాడ గుడారాల్లో బిడ్డల్ని కన్నారు. రాములు బిడ్డనైతే ఏ ఊరంటారు, రహీం బిడ్డనైతే ఏ దేశమంటారు. గుడారంలో కాన్పుకు సర్టిఫికెట్ యాడ తేవాలె? ఊరి ఖబ్రస్తాన్‌లో మా తాతల గోరీలు చూపిస్తే చెల్లుతదా?