సండూరు నల్లరాయి, కలరా బావి, జీన్స్ ప్యాంటు

బళ్లారిలో ఇనుము గురించి మాట్లాడేవాళ్లకు కొదవ లేదు. గనుల గొడవలు, 2011 జులైలో సుప్రీంకోర్టు తవ్వకాలు ఆపించడం, ఆ తర్వాత ఆగిపోయిన లారీలు... గాంధీనగర్ టీకొట్టు దగ్గర నిలబడితే ఇవన్నీ తెలుగులోనే వినొచ్చు. 1953 అక్టోబరు 1న ఊరు మైసూరు రాష్ట్రంలో కలిసింది గానీ ఇళ్లలో మాట మారలేదు. ఆ ఇనుము దొరికే సండూరు కొండల్లోనే పుట్టి, ఈ కబుర్లలోకి మాత్రం రాని లోహం ఒకటుంది. మాంగనీసు.

1954లో సండూరు ఘోర్పడే రాజవంశీకులు పెట్టిన గనుల సంస్థ పేరు ‘సండూరు మాంగనీస్ అండ్ ఐరన్ ఓర్స్’. పేరులో మాంగనీసుదే మొదటి స్థానం.

సండూరు నల్లరాయి ఎక్కువగా మాంగనీసు ఆక్సైడు, అందులో మాంగనీసు +4 స్థితిలో ఉంటుంది. ఎంత వాన కురిసినా కరగదు. కానీ గాలి ఆడని చోట, అంటే లోతైన బోర్లలోనో ఆకులు కుళ్లే చెరువు అడుగునో, సూక్ష్మజీవుల పుణ్యమా అని అదే మాంగనీసు ఎలక్ట్రాన్లు పుచ్చుకుని +2 అయాన్‌గా మారుతుంది. ఒక్కో అయాన్ చుట్టూ ఆరు నీటి అణువులు చేరి దాన్ని కరిగించుకుపోతాయి. రాగి అయాన్ అయితే నీళ్లను నీలం చేస్తుంది, నికెల్ ఆకుపచ్చ చేస్తుంది. మాంగనీసు +2 మాత్రం దాదాపు ఏ రంగూ ఇవ్వదు. అయిదు గదుల్లో ఒక్కొక్కరు కాపురమున్నట్టు రంగుకు కారణమయ్యే దాని అయిదు ఎలక్ట్రాన్లూ ఒకే వైపు తిరిగి విడివిడిగా ఉంటాయి. వాటిని కదిలించడం వెలుగుకు అంత తేలిక కాదు. అందుకే బిందెలో నీళ్లు తేటగానే కనిపిస్తాయి.

ఇదే మాంగనీసు మరో అవతారంలో కంటికి కొట్టొచ్చినట్టు ఉంటుంది. 1890లలో ఆగ్రాలో ప్రభుత్వ రసాయన పరీక్షకుడు ఎర్నెస్ట్ హాంకిన్ కలరా బావుల్లో పొటాషియం పర్మాంగనేటు కలపమని ప్రచారం చేశాడు. మన పల్లెల్లో గాలికుంటు వచ్చిన పశువుల గిట్టలు కడిగిందీ ఆ ఊదా గుళికలతోనే. అందులో మాంగనీసు +7 స్థితిలో, ఎలక్ట్రాన్ల కోసం వెంపర్లాడుతూ ఉంటుంది. బావిలో ఉన్న మురికి నుంచి, క్రిముల నుంచి వాటిని లాక్కుంటుంది. హాంకిన్ పద్ధతికి కొలతగాజు అక్కర్లేదు. గులాబి రంగు గంటల తరబడి నిలిచిందంటే ఎలక్ట్రాన్లు ఇచ్చే మురికి ఇక మిగల్లేదన్నమాట. అక్షరం రాని మనిషి కూడా చదవగల రసాయన పరీక్ష అది. ఇంతకన్నా తెలివైన ప్రజారోగ్య ఉపాయాలు నాకు ఎక్కువ తెలియవు.

ఇప్పటి బళ్లారి జీన్స్ ఊరు. కొత్త ప్యాంటును మోకాళ్ల దగ్గర వెలిసినట్టు చూపించడానికి జీన్స్ పరిశ్రమ వాడే మందుల్లో ఈ పర్మాంగనేటు ఒకటి. పిచికారీ చేసిన చోట నీలిమందు విరిగిపోతుంది, గుడ్డ మీద గోధుమ మరక పడుతుంది. ఆ మరక +4 మాంగనీసు, అంటే సండూరు రాయిలో ఉన్నదే. తర్వాత మెటాబైసల్ఫైటు లాంటి మందుతో కడిగితే మరక మాయం. లోహం మాత్రం మాయం కాలేదు, +2గా మారి కడిగిన నీళ్లలో దిగింది. ప్యాంటు తెల్లబడింది, నీళ్లలో మాంగనీసు జాడ కంటికి దొరకదు. ఆ నీటిని అలాగే వదిలే యూనిట్ ఏదైనా ఉంటే, కాలువ చూసి పట్టుకోవడం ఎవరి తరం?

ఇనుమున్న బోరు నీరు అయితే కాసేపు గాలి తగలగానే ఎర్రబడి తన గుట్టు తనే బయటపెడుతుంది. మాంగనీసు అంత తొందరపడదు. మామూలు నీళ్లలో గాలి ఒక్కటే దాన్ని కదిలించాలంటే రోజులు పట్టొచ్చు. తాగునీటిలో లీటరుకు 0.1 మిల్లీగ్రాము మించకూడదనీ, వేరే దారి లేకపోతే 0.3 దాకా సరిపెట్టుకోవచ్చనీ భారత ప్రమాణాల సంస్థ చెబుతోంది. అంత కొంచెం ఉందో లేదో పరీక్షశాలే తేల్చాలి.

దాన్ని వదిలించే తీరు ఇంకా విచిత్రం. నీటి శుద్ధి కేంద్రాలు ఇందుకు వాడే మందుల్లో పర్మాంగనేటు ఒకటి. మాంగనీసును పోగొట్టడానికి మాంగనీసే పోస్తారు! ఒక మిల్లీగ్రాము మాంగనీసుకు దాదాపు రెండు మిల్లీగ్రాముల పర్మాంగనేటు చాలు. పోసిందీ, నీళ్లలో ఉన్నదీ రెండూ కలిసి నల్లటి ఆక్సైడుగా అడుగుకు చేరతాయి. ఎక్కువ పడితే కుళాయిలో గులాబి నీళ్లొస్తాయి, తక్కువైతే +2 మిగిలిపోతుంది. వడకట్టాక మిగిలిన ఆ నల్ల మడ్డిని ఎక్కడ పోయాలన్నది వేరే పేచీ.