అధ్యాపక హోదాలు, వేతన సమన్యాయం: పరిమిత నిధిని పంచిన తీరుపై ఒక చారిత్రక పరిశీలన

విశ్వవిద్యాలయ అధ్యాపకుల వేతనాల్లో అసమానత ఉందని అంగీకరించడం ఒక మెట్టు. దాన్ని సరిదిద్దడానికి కేటాయించిన కొద్దిపాటి డబ్బులో ఏ హోదావారికి ఎంత ఇవ్వాలో తేల్చడం అంతకంటె కష్టమైన మెట్టు. మొదటిదానికి లెక్కలు చాలు. రెండవదానికి న్యాయమంటే ఏమిటో ముందుగా ఒక నిర్ణయానికి రావాలి. అమెరికా, కెనడా, బ్రిటన్ దేశాల విశ్వవిద్యాలయాలు గడచిన 50 ఏళ్లలో ఈ రెండవ మెట్టు మీద ఎలా తడబడ్డాయో, ఎక్కడ నిలదొక్కుకున్నాయో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం. సంఘ నిధులనూ, సేవకుల జీవనభృతినీ నిర్ణయించే కమిటీలలో కూర్చునే మనకు ఈ చరిత్ర పరాయిది కాదు.

చట్టం వచ్చిన తరువాత

అమెరికాలో సమాన వేతన చట్టం 1963లో వచ్చింది. అయితే విశ్వవిద్యాలయ అధ్యాపకులు దాని పరిధిలోకి రాలేదు. ఆనాటి కార్మిక ప్రమాణాల చట్టంలో పరిపాలనాధికారులకూ వృత్తి నిపుణులకూ ఉన్న మినహాయింపే ఇందుకు కారణం. 1972 విద్యా సవరణల చట్టం ఆ మినహాయింపును తొలగించింది. ఆ చట్టంలోని తొమ్మిదవ శీర్షిక క్రీడల విషయంలో ఎంతో పేరు పొందింది గాని, జీతాలకు సంబంధించిన ఈ చిన్న సవరణను గుర్తుంచుకున్నవారు తక్కువ. అదే సంవత్సరం మరొక చట్టం ద్వారా, 1964 పౌరహక్కుల చట్టంలోని ఉద్యోగ వివక్ష నిషేధం విద్యాసంస్థలకు కూడా వర్తించింది.

చట్టం తలుపు తెరచింది. తేడాను కొలవడమెలా? బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో గణాంకశాస్త్రవేత్త ఎలిజబెత్ స్కాట్ రూపొందించిన ఒక కొలత విధానాన్ని అమెరికా విశ్వవిద్యాలయ ఆచార్యుల సంఘం 1977లో ప్రచురించింది. దాని సారం సులభమే. పురుషుల జీతాలను వారి డిగ్రీ, అనుభవం, శాఖ మొదలైన వాటితో ముడిపెట్టి ఒక సూత్రం తయారు చేయాలి. అదే సూత్రంలో ప్రతి స్త్రీ అర్హతలను వేసి, ఆమె పురుషుడై ఉంటే ఎంత జీతం వచ్చేదో చూడాలి. ఆ మొత్తానికీ, ఆమెకు నిజంగా అందుతున్న మొత్తానికీ మధ్యనున్న తేడా పరిశీలించవలసిన తేడా.

హోదాను లెక్కలో చేర్చాలా?

ఇక్కడే అసలు వివాదం మొదలైంది. అసిస్టెంట్ ప్రొఫెసర్, అసోసియేట్ ప్రొఫెసర్, ప్రొఫెసర్ అనే మూడు హోదాలను ఆ సూత్రంలో చేర్చాలా, వద్దా? చేరిస్తే తేడా బాగా తగ్గిపోతుంది. ఎందుకంటే అప్పుడు స్త్రీ ప్రొఫెసర్‌ను పురుష ప్రొఫెసర్‌తోనే పోలుస్తాము. ఇది సమంజసంగానే కనిపిస్తుంది. కాని పదోన్నతే ఆలస్యంగా ఇచ్చి ఉంటే? పరీక్ష బాగా రాసినా రెండేళ్లు అదే తరగతిలో ఆపివేసిన పిల్లవాడిని, ఇప్పుడు వాడి పక్కన కూర్చున్నవారితో పోల్చి, మార్కులు సమానమే కదా, అన్యాయమేముంది అని అడిగినట్లుంటుంది. అన్యాయం మార్కుల్లో లేదు, ఆపివేయడంలో ఉంది. హోదాను పూర్తిగా వదిలివేస్తే మరో చిక్కు. నిజంగానే తక్కువ పరిశోధన చేసి పదోన్నతి పొందని వ్యక్తి కూడా అన్యాయానికి గురైనట్లు లెక్క తేలుతుంది. అందువల్ల హోదాతో ఒకసారి, హోదా లేకుండా ఒకసారి లెక్క వేసి, రెండింటి మధ్య దూరం ఎక్కువగా ఉంటే పదోన్నతుల చరిత్రను విడిగా తవ్విచూడడమే సరైన పని అని ఈ వ్యాసకర్త అభిప్రాయం. నిధి చిన్నదైనప్పుడు ఈ పని మరింత అవసరం. ఏ హోదాలో గాయం ఉందో తెలియకుండా మందు రాయలేము కదా.

గాయం పై హోదాల్లోనే పేరుకుంటుందని గట్టిగా చూపిన సంఘటన మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో జరిగింది. 1994లో అక్కడి విజ్ఞానశాస్త్ర విభాగంలో శాశ్వత నియామకం పొందిన పురుషులు 194 మంది, స్త్రీలు కేవలం 15 మంది. జీవశాస్త్రవేత్త నాన్సీ హాప్కిన్స్ తన ప్రయోగశాల స్థలం చాలడంలేదని ఎంత చెప్పినా వినేవారు లేక, కొలతల టేపు పట్టుకొని ఇతరుల ప్రయోగశాలలను స్వయంగా కొలిచారు. తరువాత స్త్రీ అధ్యాపకులు కలసి అడగగా ఏర్పడిన కమిటీ నివేదిక సారాంశం 1999లో వెలువడింది. జీతం, స్థలం, పురస్కారాలు, నిర్ణయాధికారం వంటివాటిలో తేడాలున్నాయని ఆ నివేదిక చెప్పింది. అందులో మన అంశానికి ముఖ్యమైన మాట మరొకటుంది. కొత్తగా చేరిన స్త్రీలు తమకు తగిన ఆదరణ ఉందని భావించారు. హోదా పెరిగి పెద్దవారైన స్త్రీలే తాము పక్కకు నెట్టబడ్డామని చెప్పారు. అప్పటి అధ్యక్షుడు చార్లెస్ వెస్ట్ ఈ నివేదికను బహిరంగంగా సమర్థించారు. సంస్థాధిపతులు సాధారణంగా అలా చేయరు.

అందరికీ ఒకే మొత్తమా, ఒకే శాతమా?

నిధి పంచే పద్ధతులకు స్పష్టమైన ఉదాహరణలు కెనడాలో దొరుకుతాయి. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం 2013లో, శాశ్వత నియామకంలో లేదా ఆ క్రమంలో ఉన్న పూర్తికాలపు స్త్రీ అధ్యాపకులందరికీ 2 శాతం పెంచింది. పైగా దాన్ని 2010 జులై నుండి వర్తింపజేసింది. మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం 2015లో వేరే దారి తొక్కింది. ప్రతి స్త్రీ అధ్యాపకురాలి మూల వేతనానికీ హోదాతో నిమిత్తం లేకుండా 3,515 కెనడా డాలర్లు కలిపింది. 2016లో వాటర్లూ 2,905 డాలర్లు, 2018లో గ్వెల్ఫ్ 2,050 డాలర్లు అదే తీరున కలిపాయి. 2019లో టొరంటో విశ్వవిద్యాలయం మళ్లీ శాతం వైపు మొగ్గి, 800 మందికి పైగా స్త్రీలకు 1.3 శాతం ఇచ్చింది.

ఈ రెండు పద్ధతులు ఒకటి కావు. ఉదాహరణకు ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ జీతం లక్ష డాలర్లు, ప్రొఫెసర్ జీతం లక్షా ఎనభై వేలు అనుకుందాం. 2 శాతం పద్ధతిలో మొదటి ఆమెకు 2,000, రెండవ ఆమెకు 3,600 అందుతాయి. 3,515 పద్ధతిలో ఇద్దరికీ అంతే అందినా, మొదటి ఆమెకు అది 3.5 శాతం పెరుగుదల, రెండవ ఆమెకు 2 శాతం కంటె కూడా తక్కువ. సమాన మొత్తం కింది హోదాలకు అనుకూలం, సమాన శాతం పై హోదాలకు అనుకూలం. నష్టం ఏళ్ల తరబడి పేరుకున్నది పై హోదాల్లోనైతే సమాన మొత్తం వారి నష్టాన్ని పూడ్చదు. అయినా మెక్‌మాస్టర్ పద్ధతికి ఒక బలముంది. అది ఎవరికైనా ఒక్క వాక్యంలో అర్థమవుతుంది, ఎవరి ప్రతిభనూ ఎవరూ తూచనక్కరలేదు. సమాన మొత్తాన్ని సమర్థించడానికి ద్రాక్షతోట పనివారి ఉపమానాన్ని వెంటనే ఎత్తుకొనేవారున్నారు. అయితే అక్కడి యజమాని తన సొంత సొమ్ము ఇచ్చాడు. అది చాలదేమోనన్న చింత అతనికి లేదు. ఇక్కడ ఒకరికి ఎక్కువిస్తే మరొకరికి తగ్గుతుంది.

బ్రిటన్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయం 2016లో మూడవ మార్గం చూపింది. స్త్రీ ప్రొఫెసర్లను మాత్రమే వేతన శ్రేణిలో మూడు అంచెలు పైకి జరిపింది. ఒక్క హోదాకే ఎందుకు? 2004 నాటి జాతీయ ఒప్పందం ప్రకారం అక్కడి కింది హోదాల జీతాలు 51 అంచెల ఒకే నిచ్చెన మీద ఉండేవి. ప్రొఫెసర్లు ఆ నిచ్చెనకు పైన, బేరసారాల లోకంలో ఉండేవారు. తేడా పుట్టేది ఆ లోకంలోనే. ఉన్న డబ్బును గాయమున్నచోటనే పెట్టారు. ఇప్పటివరకు చెప్పిన పద్ధతులన్నింటిలో నాకు ఇదే ఎక్కువ ఆలోచనతో చేసినదిగా కనిపిస్తుంది. అమెరికాలో 2020లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం ప్రభుత్వ కార్మిక శాఖతో కుదుర్చుకున్న సుమారు 12 లక్షల డాలర్ల ఒప్పందం కూడా 106 మంది స్త్రీ ప్రొఫెసర్లకు సంబంధించినదే. తన తప్పేమీ లేదని ఆ సంస్థ వాదించింది.

నిధి పక్కదారి పట్టేచోట్లు

ఒక చేత్తో సమన్యాయ నిధి పంచుతూ, మరొక చేత్తో కొత్త అసమానతను సృష్టించడం విశ్వవిద్యాలయాలకు అలవాటే. మరో సంస్థ పిలిచిన అధ్యాపకుణ్ణి నిలుపుకోవడానికి ఇచ్చే ప్రత్యేక పెంపు దీనికి మంచి ఉదాహరణ. ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర ప్రొఫెసర్ జెన్నిఫర్ ఫ్రేడ్ జీతం, తనతో సమాన హోదా, అనుభవం గల నలుగురు పురుష సహోద్యోగుల జీతాలకంటె ఏడాదికి వేల డాలర్లు తక్కువగా ఉండేది. అటువంటి పెంపులే తేడాకు ఒక మూలం. ఆమె 2017లో దావా వేశారు. కింది కోర్టు కొట్టివేసినా, 2021 మార్చిలో అప్పీలు కోర్టు ఆ తీర్పును తిరగదోడింది. ఆ జులైలో 4,50,000 డాలర్లకు రాజీ కుదిరింది.

సంఘ చరిత్ర చదివినవారికి ఇది కొత్త కాదు. 1843లో స్కాట్లండ్ జాతీయ సంఘం చీలి ఫ్రీ చర్చి ఏర్పడినప్పుడు, థామస్ చామర్స్ ఆధ్వర్యంలో జీవనాధార నిధి మొదలైంది. ధనిక సంఘాలూ పేద సంఘాలూ ఒకే నిధికి పంపాలి, ఆ నిధి నుండి కాపరులందరికీ సమాన వాటా రావాలి. అయితే తమ కాపరికి ఆ వాటాపై స్థానికంగా మరికొంత కలుపుకొనే స్వేచ్ఛ సంఘాలకు ఉండేది. అందువల్ల పట్టణపు కాపరి జీతం, కొండప్రాంతపు కాపరి జీతం సమానం కాలేదు. అయినా కొండప్రాంతపు కాపరికి ఒక నేల ఏర్పడింది. పై తేడాను ఆపలేకపోయినా కింది నేలను కాపాడడం చిన్న విషయం కాదు.

రెండవ పక్కదారి జీతాల కుదింపు. కొత్తవారిని ఆనాటి మార్కెట్ ధరకు తీసుకొని, పాతవారికి ఏటా కొద్ది శాతమే కలుపుతూ పోతే, కొన్నేళ్లకు అసోసియేట్ ప్రొఫెసర్ జీతం నిన్న చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్ జీతానికి దగ్గరపడుతుంది, కొన్నిసార్లు దానికంటె తగ్గుతుంది కూడా. దీనికి బలయ్యేవారు విశ్వాసంతో ఒకేచోట నిలిచిపోయినవారు. వేరే పిలుపు తెచ్చుకొని బెదిరించనివారికి శిక్ష పడినట్లే.

మన దేశంలో ఈ బేరసారాలకు చోటు తక్కువ. 2010 నిబంధనలతో లెక్చరర్, రీడర్ అనే పేర్లు పోయి మూడు హోదాలే మిగిలాయి. 2016 జనవరి నుండి అమలైన శ్రేణిలో ప్రారంభ మూల వేతనం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు 57,700, అసోసియేట్‌కు 1,31,400, ప్రొఫెసర్‌కు 1,44,200 రూపాయలు. ఒకే హోదాలో ఉన్న స్త్రీకీ పురుషునికీ మూల వేతనపు పట్టిక ఒకటే. ఇది మెచ్చుకోదగినదే. కాని అసమానత మాయం కాలేదు, హోదాల పట్టిక బయటికి నెట్టబడింది. 2019 జనవరిలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం అతిథి అధ్యాపకులకు నిర్ణయించిన గౌరవ వేతనం ఒక పాఠానికి 1,500, నెలకు 50,000 రూపాయలు మించకూడదు. అర్హతలు మాత్రం శాశ్వత అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు ఉన్నవే ఉండాలి. భత్యాలు, పింఛను, సెలవులు ఉండవు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విశ్వవిద్యాలయాల్లో ఒప్పంద, అతిథి అధ్యాపకులు ఏళ్ల తరబడి అడుగుతున్నది ఈ గోడ గురించే. పై మూడు హోదాల మధ్య నిధిని ఎంత జాగ్రత్తగా పంచినా, పట్టికలో పేరే లేని ఈ నాలుగవ వరుసకు అందులోనుండి ఒక్క రూపాయి కూడా చేరదు.