పంక్ రాక్

పంక్ రాక్ 1970వ దశకం మధ్యకాలంలో అమెరికా, బ్రిటన్ దేశాలలో రూపుదిద్దుకొన్న రాక్ సంగీత శాఖ. వేగవంతమైన లయ, నిడివి తక్కువగల పాటలు, సూటియైన మాటలు దీని ముఖ్య లక్షణాలు. పాండిత్యం కంటే సాహసానికి పెద్దపీట వేసిన ఈ సంగీతం, ఇంటిలోనూ బడిలోనూ ఇమడలేని ఎందరో కౌమార వయస్కులకు మిత్రబృందాన్ని, తమదైన గుర్తింపును ఇచ్చింది.

ఆవిర్భావం

1970వ దశకం ఆరంభానికి రాక్ సంగీతంలో సుదీర్ఘమైన వాద్య విన్యాసాలు, ఖరీదైన పరికరాలు పెరిగిపోయాయి. దీనికి ప్రతిగా 1974లో న్యూయార్క్‌లో రమోన్స్, 1975లో లండన్‌లో సెక్స్ పిస్టల్స్ బృందాలు ఏర్పడ్డాయి. గిటారుపై మూడు కార్డులు వాయించగలిగితే చాలు, ఎవరైనా బృందం పెట్టవచ్చునన్న భావన వ్యాపించింది. 1976 జూన్ 4న మాంచెస్టర్‌లో సెక్స్ పిస్టల్స్ ఇచ్చిన కచేరీకి వచ్చినవారు కొద్దిమందే. వారిలో బడినాటి స్నేహితులైన బెర్నార్డ్ సమ్నర్, పీటర్ హుక్ అనంతరం జాయ్ డివిజన్ బృంద స్థాపకులయ్యారు.

పేరు, వేషం

చిరిగిన దుస్తులు, వాటికి గుచ్చిన పిన్నీసులు, నిక్కబొడుచుకొన్న జుట్టు పంక్ యువతకు గుర్తులయ్యాయి. కొత్త పేరు పెట్టుకోవడం మరొక ఆనవాయితీ. రమోన్స్ సభ్యులు అన్నదమ్ములు కాకపోయినా అందరూ రమోన్ అనే ఇంటిపేరు స్వీకరించారు. సోమాలీ తండ్రికి, బ్రిటిష్ తల్లికి జన్మించిన ఒక యువతి పాలీ స్టైరీన్ అనే పేరుతో, 19 ఏళ్ళ వయస్సులో, 1976లో ఎక్స్-రే స్పెక్స్ బృందాన్ని నెలకొల్పింది. పళ్ళకు వేసిన క్లిప్పును దాచుకోకుండానే ఆమె వేదికలపై పాడేది.

స్నేహబృందాలు

ఉత్తర ఐర్లాండ్‌లో సాయుధ ఘర్షణలు సాగుతున్న కాలంలో డెర్రీ పట్టణపు మిత్రులు అండర్‌టోన్స్ బృందంగా ఏర్పడ్డారు. 1978లో వెలువడిన వీరి పాట టీనేజ్ కిక్స్ ఘర్షణను గూర్చి కాక, కౌమారపు ప్రేమను గూర్చి చెప్పింది. వాషింగ్టన్‌లో మద్యం అమ్మే క్లబ్బులలోనికి మైనర్లను అనుమతించడానికి వారి చేతులపై ఇంటూ గుర్తు వేసేవారు. మద్యం, మత్తుపదార్థాలను త్యజించిన పంక్ యువకులు క్రమంగా దానినే తమ చిహ్నంగా చేసుకొన్నారు.

విమర్శ, నిర్బంధం

మత్తుపదార్థాల వాడకం, హింస ఈ సంస్కృతికి మచ్చ తెచ్చాయి. సెక్స్ పిస్టల్స్ సభ్యుడు సిడ్ విషస్ 1979లో హెరాయిన్ మోతాదు మించి 21వ ఏట మరణించాడు. మరొకవైపు, వేషమే నేరమైన సందర్భమూ ఉంది. 2011 డిసెంబరులో ఇండోనేషియాలోని బందా అచే నగరంలో కచేరీకి వచ్చిన 60 మందికి పైగా యువతీయువకులను పోలీసులు నిర్బంధించి, యువకుల తలలు గొరిగించారు.

తెలుగులో పోలిక

పంక్ రాక్‌కు దాదాపు దశాబ్దం ముందే ఇటువంటి ధిక్కారం తెలుగు కవిత్వంలో కనిపించింది. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న అనే ఆరుగురు యువకులు సొంత పేర్లు విడిచి దిగంబర కవులుగా ప్రసిద్ధులయ్యారు. వీరి మూడు సంపుటాలను వరుసగా హైదరాబాదులో (1965) రిక్షా కార్మికుడు, విజయవాడలో (1966) హోటలు కార్మికుడు, విశాఖపట్నంలో (1968) ఒక యాచకురాలు ఆవిష్కరించారు. వీరు గాయకులు కారు, కౌమార వయస్కులూ కారు. అయినప్పటికీ మిత్రబృందంగా ఏర్పడటం, కొత్త పేరుతో కొత్త గుర్తింపును వెతుక్కోవడం ఇరువురిలోనూ కనిపించే లక్షణాలు.

ఇవి కూడా చూడండి

రాక్ సంగీతం
దిగంబర కవులు