పరీక్షా కందకం
ఇళ్ల స్థలాల లేఅవుటు కోసం నేలను చదును చేయకముందే, దాని కింద పూర్వపు అవశేషాలున్నదీ లేనిదీ తేల్చుకోవడానికి పురావస్తు పరిశోధకులు తవ్వే సన్నని, పొడవైన గుంటను పరీక్షా కందకం అంటారు. దున్నిన పైమట్టిని తొలగించి, మనిషి చేయి తగలని కన్నెనేల వచ్చేవరకు పొరపొరగా దిగుతూ, ఎప్పుడో పాతిన గుంజ కుళ్లి మిగిల్చిన నల్లని మట్టిమచ్చను సైతం తాపీతో గీకి గుర్తిస్తారు. ఇంగ్లండులో 1990 నుంచి ఈ పద్ధతి నిర్మాణ అనుమతుల ప్రక్రియలో భాగంగా స్థిరపడింది. భారతదేశంలో 2010 నాటి సవరణ చట్టం కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలను నిషేధించి, ఆపై 200 మీటర్ల మేర నియంత్రిస్తున్నా, జాబితాకెక్కని పాటిదిబ్బకు, అంటే పాత ఊరి అవశేషాలున్న దిబ్బకు, ఆ కవచం లేదు.

అలాంటి రక్షణ లేకపోతే కలిగే నష్టమెంతటిదో వీరులపాడు, నందిగామ ప్రాంతీయులకు తమ పొరుగునున్న జగ్గయ్యపేటలోని ధనంబోడు దిబ్బే చెబుతుంది. 1882లో పురావస్తు పరిశోధకుడు జేమ్స్ బర్జెస్ పరిశీలించేనాటికే అక్కడి బౌద్ధ స్తూపపు ఇటుకలు, రాళ్లు చాలావరకు తరలిపోయాయి. అయినా మిగిలిన ఆయక స్తంభాల మీద, అంటే స్తూపపు దిక్కులలోని వేదికలపై నిలిపే స్తంభాల మీద, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి వేలగిరి మహాచైత్యపు తూర్పు ద్వారం వద్ద అలాంటి ఐదు స్తంభాలను నెలకొల్పిన సంగతి ప్రాకృతంలో చెక్కి ఉంది. ఆ దిబ్బలో దొరికిన మాంధాత చక్రవర్తి శిల్పఫలకం నేడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది.