ఒక రికార్డును గూర్చిన పలు తీర్పులు

పుఱ్ఱెకొక బుద్ధి, జిహ్వకొక రుచి యని మన పెద్దలు చెప్పుదురు. చెవికిని అట్లే యొక రుచి గలదు. ఒకే పాటను విని యొకరు తల యూపుదురు. వేఱొకరు లేచి పోవుదురు. ఇది మన యిండ్లలో ప్రతిదినమును జరుగు విషయమే. అయినను ఒక పాటను గూర్చి పలువురు చెప్పిన మాటలను కాలక్రమమున నొకచోట జేర్చి చూచినచో, ఆ పాట చరిత్రతోపాటు విన్నవారి చరిత్రయు బోధపడును. అట్టి పరిశీలనకు మేమిట నెన్నుకొన్నది 1967వ సంవత్సరమున ఇంగ్లండులో వెలువడిన యొక రాక్ సంగీతపు లాంగ్‌ప్లే రికార్డు. దాని పేరు 'సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్'. పాడినవారు బీటిల్స్ అను బృందమువారు.

తెలుగు సంఘపు సంచికలో ఆంగ్లేయుల పాటల ప్రసంగమేల యని చదువరులు శంకింపవచ్చును. ఆ రికార్డులో మన దేశపు వాద్యములును, మన దేశపు రాగచ్ఛాయయు గలవు. అంతకు మించి, పలుచోట్లనుండి వచ్చి కలిసిన క్రొత్తదానిని విన్నవారు ఎట్లు తీర్పు చెప్పుదురో అందు స్పష్టముగా కాననగును. పరప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన మనకు ఆ సంగతితో పని గలదు. మేము జీవితమంతయు గుమాస్తాపనిలో గడపినవారము. ఒకే ఫైలుపై పలువు రధికారులు వ్రాసిన నోట్లను తేదీల వరుసను జూచుట మాకలవాటు. ఈ వ్యాసమున మేము పాటించిన పద్ధతియు నదియే.

జాన్ లెన్నన్, పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్ అను నలుగురును లివర్‌పూల్ అను రేవుపట్టణపు యువకులు. తమ మొదటి లాంగ్‌ప్లే రికార్డులోని పాటలలో పదింటిని వారు 1963 ఫిబ్రవరి 11వ తేదీన ఒక్క దినముననే రికార్డు చేసిరి. అటుపై మూడేండ్లలో వారి కీర్తి పలు ఖండములకు వ్యాపించెను. కచేరీలలో శ్రోతల కేకలు మిన్నుముట్టి పాట వినబడని స్థితి యేర్పడెను. 1966 ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలో పాడిన పిమ్మట వారు టిక్కెట్టు కచేరీలు మానివేసిరి. ఆ సంవత్సరమే నవంబరు 24న లండనులోని ఇ.ఎం.ఐ. స్టూడియోలో క్రొత్త పని యారంభించి 1967 ఏప్రిల్ వఱకు సాగించిరి. ఒక్క దినములో పది పాటలు ముగించినవారికి ఇప్పుడు అయిదు నెలలు పట్టెను. ఈ మధ్య వీరి పని యైపోయినదా యని కొన్ని పత్రికలు సందేహమును వెలిబుచ్చెను.

ఆ శ్రమకు ఫలము 1967 మే నెలాఖరున ఇంగ్లండులోను, జూన్ 2న అమెరికాలోను అంగళ్లకు వచ్చెను. అందు పదుమూడంశములు, దాదాపు నలువది నిమిషముల సంగీతము గలవు. ఒకేసారి నాలుగు వరుసలుగా మాత్రమే శబ్దమును పట్టగల టేపు యంత్రముతోనే జార్జ్ మార్టిన్ అను నిర్మాతయు, జెఫ్ ఎమరిక్ అను శబ్దశిల్పియు పొరపై పొరగా ధ్వనులను పేర్చిరి. చివరి పాటయైన 'ఏ డే ఇన్ ది లైఫ్' కొఱకు నలువదిమంది వాద్యకారులను రప్పించి, తమ తమ వాద్యములలో మిక్కిలి క్రింది స్వరమునుండి మీది స్వరము వఱకు ఇరువదినాలుగు మాత్రాగణములలో ఎవరి దారిన వారు ఎక్కవలెనని చెప్పిరి. పాటకు పాటకు నడుమ నుండు విరామమును చాలవఱకు తీసివేసిరి. పాటల సాహిత్యమును అట్ట వెనుక అచ్చు వేయించిరి. విడివిడి పాటలుగా గాక, మొదటినుండి తుదివఱకు కూర్చుండి వినవలసిన యొక గ్రంథమువలె దానిని తీర్చిరి.

ఇక తీర్పులు. మే 29న లండన్ 'టైమ్స్' పత్రికలో శాస్త్రీయ సంగీత విమర్శకుడగు విలియం మాన్ దీనిని జనరంజక సంగీతము కూర్చువారందఱికి ఒరవడిగా మెచ్చుకొనెను. కెన్నెత్ టైనన్ అను నాటక విమర్శకుడు పాశ్చాత్య నాగరకత చరిత్రలోనే ఇదియొక మలుపనెను. జనులు సరేసరి. ఇంగ్లండు అమ్మకముల పట్టికలో అది తొలి విడతలో 27 వారములును, అమెరికాలో 15 వారములును ప్రథమస్థానమున నిలిచెను.

ఇట్టి పొగడ్తల వెల్లువలో, జూన్ 18న 'న్యూయార్క్ టైమ్స్' పత్రికలో రిచర్డ్ గోల్డ్‌స్టైన్ అను, అప్పటికింకను ఇరువదిమూడేండ్లు నిండని విమర్శకుడు, ఎదురు మాట వ్రాసెను. ఈ రికార్డు అతిగారాబమున చెడిన బిడ్డవంటిదనియు, శబ్దాలంకారములు కన్నులు మిరుమిట్లు గొలుపుచున్నవి గాని లోన పాట పలుచనైనదనియు అతని యాక్షేపణ. చివరి పాటను మాత్ర మతడు మెచ్చుకొనెను. పాఠకుల నుండి యుత్తరములు కుప్పలుగా వచ్చిపడెను. అతడు మాట మార్చుకొనక జులైలో వేఱొక పత్రికలో తన పక్షమును సమర్థించుకొనెను. ఆ సంవత్సరాంతమున 'ఎస్క్వైర్' పత్రికలో రాబర్ట్ క్రిస్ట్‌గౌ అను మఱొక యువ విమర్శకుడు, గోల్డ్‌స్టైన్ పొరబడియుండవచ్చును గాని జనులు మండిపడినంతగా పొరబడలేదనియు, ఈ రికార్డు లోకమున కెల్ల మిన్నయైన కళాఖండమేమియు గాదనియు వ్రాసెను. మెచ్చిన వస్తువునైనను కొలిచి మెచ్చుట యన నిది.

పత్రికలవారు మాటలతో పోరాడిరి, బి.బి.సి. వారు నిషేధముతో తీర్పు చెప్పిరి. మాదకద్రవ్యముల స్ఫురణ గలదని 'ఏ డే ఇన్ ది లైఫ్' పాటను 1967 మే నెలలోనే తమ ప్రసారములనుండి తొలగించిరి. రికార్డు కొన్నవారు ఆ పాటను ఇంట వినుచునే యుండిరి. మన దేశమునను ఇట్టి కథ యొకటి జరిగియున్నది. 1952లో కేంద్ర ప్రసారశాఖ మంత్రియైన బి.వి. కేస్కర్ కాలమున ఆకాశవాణి సినిమాపాటలను దూరము పెట్టగా, శ్రోతలు రేడియో సిలోను వైపు ముల్లు త్రిప్పిరి. 1957 అక్టోబరు 3న వివిధభారతి ప్రారంభమైన పిమ్మట గాని ఆ పాటలకు ఆకాశవాణి యింట పీట పడలేదు. అధికారముతో ప్రసారమును ఆపవచ్చును గాని అభిరుచిని ఆపుట సాధ్యము గాదని యీ రెండును తెలుపుచున్నవి.

వాదించుకొన్న వారందఱును ఒకే రికార్డును వినిరా? ఈ ప్రశ్నను కొలదిమందియే వేసికొనిరి. ఆ కాలమున నొకే గొట్టమున వినబడు మోనో రికార్డు వేఱు, రెండు గొట్టముల స్టీరియో రికార్డు వేఱు. ఇంగ్లండులో నాడు మోనో యంత్రములే మిక్కుటము గాన, బీటిల్స్ వారు మోనో కూర్పుపైననే దృష్టి నిలిపి దగ్గఱ కూర్చుండి తీర్చుకొనిరి. స్టీరియో కూర్పును వారు లేకుండగనే స్టూడియోవారు కొలది దినములలో ముగించిరి. ఆ రెంటికిని భేదము స్వల్పము గాదు. 'షీజ్ లీవింగ్ హోమ్' అను పాట మోనోలో వేగముగా నడచుచు దాదాపు అరస్వరము హెచ్చు శ్రుతిలో నుండును. స్టీరియోలో మెల్లగా, తగ్గుశ్రుతిలో నుండును. లండనులోని శ్రోతయు న్యూయార్కులోని శ్రోతయు ఒక పాట పేరు చెప్పి రెండు పాటలను గూర్చి వాదించుకొనుట సంభవమే. ఎవరేమి వినిరో తెలియకుండ నెవరి యభిప్రాయమునైనను తూచుటెట్లు?

ఇందలి భారతీయాంశముపైనను శ్రోతలు భేదించిరి. హారిసన్ 1966లో పండిత రవిశంకరుని కలిసికొని, ఆ సెప్టెంబరులో బొంబాయికి వచ్చి సితారు నభ్యసించెను. ఈ రికార్డులో నతడు కూర్చిన 'విత్‌ఇన్ యు వితౌట్ యు' అను పాటలో దిల్‌రుబా, తబలా, తంబురా, స్వరమండలము వినవచ్చును. వాయించినవారు లండనులో నివసించు భారతీయులు. వారి పేర్లు అట్టపై లేవు. పాట స్వరము హిందుస్తానీ ఖమాజ్ థాట్‌ను అనుసరించును. అది మన ఇరువదెనిమిదవ మేళమైన హరికాంభోజికి సరియైనది. మోహన, కాంభోజి రాగములు విని పెరిగిన చెవికి ఆ స్వరములు పొరుగువారివిగా దోపవు. పాశ్చాత్య శ్రోతలలో కొందఱది విసుగనిరి. కొందఱు రికార్డుకెల్ల నదియే శిఖరమనిరి. మన దేశమున శాస్త్రీయ సంగీతాభిమానులు కొందఱు రవిశంకరుడు పాప్ గాయకులతో చేరి విద్యను చులకన చేయుచున్నాడని యాక్షేపించిరి. గోల్డ్‌స్టైన్ విమర్శ యచ్చైన 1967 జూన్ 18వ తేదీననే కాలిఫోర్నియాలోని మాంటెరే ఉత్సవమున రాక్ శ్రోతల యెదుట రవిశంకరుడు సితారు వాయించుట యొక చిత్రమైన కాకతాళీయము.

మఱియొక సంగతి. పీటర్ బ్లేక్, జాన్ హావర్త్ అను చిత్రకారులు తీర్చిన అట్టబొమ్మపై ఏబదికి పైగా ప్రసిద్ధుల రూపములు గలవు. హారిసన్ కోరికపై పరమహంస యోగానందాది యోగుల బొమ్మలు చేర్చిరి. మహాత్మాగాంధీ బొమ్మను గూడ నుంచిరి గాని, అది భారతదేశమున జనులకు నొప్పి కలిగించి అమ్మకమునకు అడ్డగునని ఇ.ఎం.ఐ. అధిపతి సర్ జోసెఫ్ లాక్‌వుడ్ దానిని తీసివేయించెను. మనవారు రికార్డు వినకమునుపే మనవారి యభిప్రాయము లండనులో లెక్కకు వచ్చినది!

కాలము గడచినకొలది తీర్పులు మఱల మారెను. 1968లో ఆ యేటి యుత్తమ ఆల్బముగా దీనికి గ్రామీ పురస్కారము లభించెను. రాక్ రికార్డులలో ఆ గౌరవము పొందినది ఇదియే మొదటిది. 'రోలింగ్ స్టోన్' పత్రిక 2003లోను 2012లోను ప్రకటించిన అయిదువందల యుత్తమ ఆల్బముల పట్టికలో దీనికి ప్రథమస్థానమిచ్చెను. ఆ పత్రికయే 2020లో క్రొత్త పట్టిక కూర్చినపుడు దీనికి 24వ స్థానమిచ్చెను. బీటిల్స్ వారిదే యైన 1966 నాటి 'రివాల్వర్'ను 11వ స్థానమున నుంచెను. సమకాలికుడైన కీత్ రిచర్డ్స్ 2015లో దీనిని పనికిమాలిన కలగాపులగమని త్రోసివేసెను. రికార్డులోని గాడులు మాత్రము 1967 నాటివే. మారినవి చెవులు.

ఈ నోట్లన్నియు చదివిన మీదట మాకు తేలినదిది. తేదీ లేని యభిప్రాయము సంతకము లేని కాగితము వంటిది. ఎప్పుడు విన్నారు, దేనిపై విన్నారు, ఎన్నిమాఱులు విన్నారు, అంతకుముందు ఏమి విని పెరిగినారు అను నాలుగు సంగతులు తెలిసిన గాని తీర్పునకు విలువ గట్టరాదు. హోసూరు, బరంపురము, షోలాపురము, బెంగుళూరులలోని మన తెలుగును ఒక్క పూట విని కలగాపులగమని పోవువారిని మన మెఱుగుదుము. వారును ఒక గొట్టముననే విన్నవారు. ఇరుగుపొరుగు భాషల మాట చేరినంతనే మన పలుకులోని శ్రుతి తప్పదు.

ఆ న్యాయమునే మనమును పాటింపవలసియున్నది. నేడు మన మనుమలు చెవులకు తీగెలు తగిలించుకొని వినుచున్న పాటను, పల్లవియైన ముగియకమునుపే "ఇదియు నొక పాటయేనా?" యని కొట్టివేయుట మన యిండ్లలో పరిపాటి. పిల్లవాడు తలుపు మూసికొనును. వాని బడి కన్నడమునో, ఒడియాలోనో, తమిళమునో, మరాఠీలోనో, ఆంగ్లమునో సాగుచున్నది. స్నేహితులతో వాని మాటయు నట్లే. ఇంట పెద్దలతో మాటాడు నాలుగు మాటలే వాని తెలుగు. తలుపుతో పాటు ఆ నాలుగు మాటలును మూతపడుచున్నవి. వానిని పిలిచి, ఆ పాట తుదివఱకు విని, ఏది బాగున్నది, ఏది బాగులేదు, ఏల యని యడిగినచో వాడు బదులు చెప్పవలసివచ్చును. మెచ్చుకొనుటకు "బాగున్నది" యను నొక్క మాట చాలును. వాదించుటకు భాష యంతయు కావలెను. పాట యే దేశపుదైన నేమి, దానిపై తగవు మన నట్టింట తెలుగున జరిగిన చాలును.